డ్యామ్ అంటే పొడి

మా బావ రోజూ కుర్చీలు విరగ్గొడతాడు. అదే ఆయన ఉద్యోగం. ఇప్పటిదాకా ఆయన విరగ్గొట్టినవన్నీ ఒకచోట పోగేస్తే మా వీధి చివరి నీళ్ల ట్యాంకు కనపడదు. అయినా ఇంతవరకూ ఒక్క ముక్క నేల మీద పడలేదు. అంతా కంప్యూటర్ తెర మీదే జరుగుతుంది. కుర్చీ బొమ్మ గీస్తాడు, లేని మనిషిని దాని మీద కూర్చోబెడతాడు, ఎక్కడ ఎంత భారం పడుతుందో ఆ యంత్రం రంగుల్లో చూపిస్తుంది. నీలం అంటే నిశ్చింత. ఎరుపు అంటే విరిగినట్టు. దీన్ని సిమ్యులేషన్ అంటారు.

నేను మాత్రం నిజం వస్తువుల మనిషిని. ఇంటి కింది భాగంలో నాకో జిమ్ ఉంది. ఒకసారి పాల వ్యాను మా వీధి బురదలో దిగబడితే వెనక చక్రాలు పైకెత్తి పట్టుకున్నాను, డ్రైవరు వెళ్లి టీ తాగి వచ్చేదాకా. నమ్మనివాళ్లు ఆ డ్రైవర్నే అడగొచ్చు, ఇప్పుడెక్కడున్నాడో మాత్రం నాకు తెలీదు. ఇంజనీరింగ్ నేనూ చదివాను. రెండో ఏడాది 'పదార్థాల బలం' అనే పాఠం వచ్చింది. దానికి పుస్తకం ఎందుకు, నన్ను చూస్తే చాలదా అని లేచి వచ్చేశాను. కాలేజీవాళ్లు ఇదే కథ ఇంకోలా చెప్తారు. చెప్పేవాడికి వినేవాడు లోకువ.

బావ ఆ పాఠం దగ్గర ఆగకుండా ముందుకెళ్లాడు. అందుకే ఇలా అయ్యాడు. సాయంత్రం ఆఫీసు నుంచి దిగే మనిషిని చూస్తే, తడిపి, పిండి, ఆరేయడం మరిచిపోయిన చొక్కా గుర్తొస్తుంది. ఆఫీసులో ఆయన్ని 'అనుమానం' అంటారు. ఎదురుగానే అంటారు, ఆయనా పలుకుతాడు. మా ముందు గదిలో పాత చెక్క కుర్చీ ఒకటుంది. ఒక కాలు ఊడితే నేనే ఇనుప తీగ చుట్టాను. ఆ కట్టు మా మునిమనవల దాకా ఉంటుందని నా హామీ. ఇంట్లో అందరం అందులో కూర్చుంటాం, ఒక్క బావ తప్ప. ఇల్లరికం వచ్చిన కొత్తలోనే దాన్ని ఊపి చూసి, "ఈ తీగ ఏ రకం?" అని అడిగాడు. "ఇనుప రకం" అన్నాను. అప్పట్నుంచి నేల మీద చాప వేసుకుంటున్నాడు.

జనం అనుకోవడం, ఆ ఉద్యోగంలో కష్టమంతా కంప్యూటర్‌తోనని. అది పసిపిల్ల కన్నా అమాయకం, ఏది పెడితే అది మింగుతుంది. కష్టమంతా దానికి పెట్టే అంకెల దగ్గరుంది. ఈ పదార్థం ఎంత లాగితే ఎంత సాగుతుంది, ఎంత మోపితే విరుగుతుంది, ఇవి చెప్పాలి. తప్పు అంకె ఇచ్చినా అది ఎదురు చెప్పదు, చక్కటి నీలం రంగు పూసి చూపిస్తుంది. ఆ అంకెల్ని ఎవరైనా ఎక్కడైనా నిజంగా కొలిచారా అని వెతుక్కుంటూ తిరగడంలోనే మా బావ జుట్టు పలచబడింది. ఉక్కు ఫరవాలేదట, పెద్దమనిషి, ఒక మాట మీద నిలబడుతుంది. ప్లాస్టిక్కులు మాత్రం సంబంధాలు కుదిర్చే మధ్యవర్తుల్లాంటివి. ఎండలో ఒక మాట, చలిలో ఒక మాట, తడిస్తే ఇంకో మాట.

ఆ ఏడాది మా అమ్మ వంటింటి గడప దగ్గర జారి పడింది. తుంటి ఎముక విరిగింది. డాక్టర్లు లోపల కడ్డీ వేసి కుట్టారు. చేతికర్రతో నడక వచ్చింది గానీ, వంగకూడదు, ఎక్కువసేపు నిలబడకూడదు అన్నారు. దాంతో స్నానం అక్క చేతుల్లోకి వెళ్లింది. ఎత్తు స్టూలు మీద కూర్చోబెట్టి, జారిపోకుండా ఒక చేత్తో భుజం పట్టుకుని, రెండో చేత్తో నీళ్లు పోసేది. పొద్దున ఆ కాసేపూ బాత్‌రూమ్ తలుపు వారగా తెరిచి ఉండేది. మేం అటు వెళ్లేవాళ్లం కాదు, అయినా తెరిచి ఉందని అమ్మకి తెలుసు. గోడవైపు తిరిగి, నీళ్లు పడుతున్నంతసేపూ కళ్లు మూసుకునేదట. "నీకు నేను పోశాను, నాకు నువ్వు పోశావు, చెల్లుకు చెల్లు. ఇక చాలే" అని ఒకరోజు అక్కతో అంది. చాలు అంటే ఎలా చాలుతుంది, మర్నాడు మళ్లీ పొద్దు పొడుస్తుంది కదా.

అదే సమయానికి బావ కంపెనీ స్నానం కుర్చీ ఒకటి తయారు చేస్తోంది. గోడకు బిగిస్తారు. కావాలంటే దించుకుని కూర్చోవచ్చు, వద్దంటే మడిచి గోడకు ఆనించొచ్చు. రెండు పక్కలా పట్టుకోవడానికి కమ్మీలు. కూర్చున్న మనిషి బరువంతా మోసేవి మాత్రం గోడకూ కుర్చీకీ నడుమ ఉన్న రెండు నైలాన్ ప్లాస్టిక్ బ్రాకెట్లు, ఒక్కోటి అరచేయంత ఉంటుంది. మొదటి విడత ఆసుపత్రులకి వెళ్లాలి. నమూనాకి చేసినవాటిలో ఒకదాన్ని బావ ఇంటికి తెచ్చాడు. ఆయన ముఖంలో వెలుగు చూడటం నాకదే మొదలు, పెళ్లి ఫొటోల్లో కూడా లేదు.

మర్నాడు పొద్దున్నే, బావ ఆఫీసుకి బయల్దేరకముందే, గోడకి డ్రిల్లు వేసింది నేనే. కుర్చీ కొంచెం వాలుగా వచ్చింది, అది గోడ తప్పు. సిమెంటు ఆరాలి కాబట్టి మర్నాడు కూర్చోమన్నాం. అమ్మ కర్ర ఆనించుకుని వచ్చి, కమ్మీని రెండు వేళ్లతో తడిమింది.

"ఎవరూ పట్టుకోనక్కర్లేదా?"

"అక్కర్లేదు అత్తయ్యా. గొళ్లెం పెట్టుకుని మీరే హాయిగా పోసుకోవచ్చు" అన్నాడు బావ.

"రేపట్నుంచి తలుపు వేసుకుంటాను" అంది అమ్మ, మాలో ఎవరితోనూ కాకుండా.

ఆ సాయంత్రమే బావ ఆఫీసు నుంచి వచ్చి, భుజాన సంచీ దించకుండా నేరుగా బాత్‌రూమ్‌లోకి వెళ్లాడు. కుర్చీని పైకి మడిచి, తువ్వాలుతో కమ్మీకి కట్టేశాడు. రెండు ముళ్లు వేశాడు.

"అత్తయ్యా, దీని మీద కూర్చోవద్దు."

"ఎప్పటిదాకా?"

బావ నీళ్లు నమిలాడు.

జరిగిందేమిటో ఆయన నోట్లోంచి రాబట్టడం తుప్పుపట్టిన నట్టు తిప్పినంత పని. ముక్కలు ముక్కలుగా తెలిసింది ఇది. సిమ్యులేషన్ పూర్తయింది, కుర్చీ అంతా నీలమే. రిపోర్టు మీద బావ సంతకం ఒక్కటే మిగిలింది. సంతకం పెట్టేముందు, నైలాన్ అంకె ఎక్కడిదో ఇంకోసారి చూద్దామని సరుకు అమ్మినవాళ్ల షీటు తీశాడు. అంకె పక్కన చీమ తలంత ఇంగ్లీషు అక్షరాలు మూడు కనిపించాయి. డి, ఎ, ఎం. అన్నాళ్లూ ఆయనా చూడలేదు, అంకెనే చూశాడు. షీటు పట్టుకుని పై అధికారి దగ్గరికి వెళ్లాడు. ఆయన పేరు ఆఫీసులో 'తొందర సారు'. ఆ నైలాన్‌ని ఏరి కోరి కొనిపించింది ఆయనే.

"ఈ అక్షరాలు చూశారా సార్?"

"చూడకేం? డ్యామ్. అది చూసే కదయ్యా ఈ సరుకు ఎంచింది. మిగతా రెండు కంపెనీల షీట్లలో ఆ మాట లేదు. డ్యామ్ అంటే నీళ్లకి ఆగేది. స్నానం కుర్చీకి ఇంతకన్నా ఏం కావాలి?"

"డ్యామ్ కాదు సార్. మూడు మాటల మొదటి అక్షరాలవి. అచ్చులోంచి తీసిన వెంటనే, ఇంకా గాలి తేమైనా తగలకముందు, పొడిగా ఉన్నప్పటి అంకె అని అర్థం."

"పొడా?"

"పొడే సార్."

"డ్యామ్ అంటే పొడి అంటావు."

"నేననడం కాదు సార్, వాళ్లే రాశారు."

"మరి మిగతా ఇద్దరూ ఎందుకు రాయలేదు?"

"వాళ్లు అదైనా చెప్పలేదు."

నైలాన్ నీళ్లు తాగే జాతి. తాగినకొద్దీ మెత్తబడుతుంది. నీరుగారిపోవడం అనే మాట మొదట ఎవరన్నారో గానీ, ఆయన కచ్చితంగా నైలాన్‌ని చూసే అని ఉంటాడు. రోజూ వేడినీళ్లు పడే చోట ఆ బ్రాకెట్ ఎంత మెత్తబడుతుంది, మెత్తబడ్డాక మనిషిని మోస్తుందా? ఆ తడి అంకె కావాలి. అది లేకుండా సంతకం పెట్టనన్నాడు బావ. వారంలో తెచ్చుకో అన్నాడు తొందర సారు, మార్కెట్‌కి వెళ్లి సబ్బు తెచ్చుకోమన్నట్టు.

ఇక మొదలైంది వేట. ముందు సరుకు అమ్మినవాళ్ల సేల్స్ మనిషి. బావ భోంచేస్తూ ఫోను స్పీకర్లో పెట్టేవాడు, ఇంటిల్లిపాదికీ కాలక్షేపం.

"సార్, షీటు మళ్లీ పంపాను, చూసుకోండి."

"అదే షీటు మళ్లీ మళ్లీ పంపుతున్నారు. అందులో పొడి అంకె ఉంది. నాకు తడి అంకె కావాలి."

"తడికి కూడా మంచి మెటీరియల్ సార్."

"ఎంత మంచిది?"

"చాలా మంచిది సార్."

"చాలా అని కంప్యూటర్‌లో కొట్టలేనండీ. అంకె చెప్పండి."

అటువైపు కాగితాలు తిరగేసిన చప్పుడు. "సగం వేసుకోండి సార్. అందరూ సగమే వేసుకుంటారు."

"సగం అని ఎవరు కొలిచారు?"

"కొలవడం కాదు సార్. వేసుకుంటారు."

బావ ఫోను పెట్టేసి పళ్లెంలో వేలితో గీతలు గీస్తూ కూర్చున్నాడు.

తర్వాత ఇంటర్‌నెట్. అక్కడ ఈ నైలాన్ అంకెలు వీధికొకటి దొరుకుతాయి. మొదట్లో బావకి ధైర్యం వచ్చింది, అన్నిచోట్లా ఒకే అంకె ఉంది కదా అని. తర్వాత చూస్తే అన్ని పేజీల్లోనూ ఒకే మాటలో ఒకే అక్షరం తప్పు పడింది. ఒకడు రాస్తే మిగతావాళ్లు మక్కీకి మక్కీ దించేశారు. ఆ మొదటివాడు ఎక్కణ్ణుంచి తెచ్చాడో, అది పొడిదో తడిదో, ఆ పరమాత్మకే తెలియాలి. లైబ్రరీలో ఒక లావు పుస్తకంలో తడి అంకె దొరికింది. సంబరంగా ఫొటో తీసుకొచ్చాడు. ఇంట్లో కూర్చుని కింది వరస చదివితే, ఆ 'తడి' అంటే గది గాలిలో ఉండే తేమ మాత్రమే. నీళ్లలో నానినది కాదు. పైగా అది ఏ కంపెనీ నైలానో చెప్పలేదు. నిజంగా కొలిచిన అంకెలు అమ్మే చోటు ఇంటర్‌నెట్‌లోనే ఒకటుంది, దానికి తాళం వేసి ఉంది, చందా కడితే తీస్తారు. తొందర సారు చందా మాట వినగానే వేరే ఫోను వచ్చినట్టు వెళ్లిపోయాడట.

బావ అవస్థ చూడలేక నేనే ఉపాయం చెప్పాను.

"బావా, దొరికినవన్నీ కూడి భాగించు. మధ్యలో ఏదో ఒకటి వస్తుంది."

"పది అబద్ధాలు కూడి భాగిస్తే నిజం వస్తుందేంట్రా?"

"మా జిమ్‌లో వస్తుంది."

నవ్వుతాడనుకున్నాను. నవ్వడానికి కూడా ఓపిక ఉండాలి కదా.

అమ్మ ఈలోగా ఊరుకుంటుందా? అల్లుణ్ణి నేరుగా ఏమీ అనదు, అది మర్యాద కాదు. గోడకి, కర్రకి, పక్కింటి పిల్లికి చెప్తుంది, బావకి వినబడేలా. "మా అల్లుడుగారు కుర్చీ తెచ్చారమ్మా. చూసుకోవడానికి" అంటుంది పిల్లితో. మరోరోజు, "దానికింకా మంచిరోజు కుదరలేదట" అంటుంది. అక్క మాత్రం సూటిగానే అడిగింది.

"అంత అనుమానం ఉన్నవాళ్లు ఇంటికెందుకు తెచ్చారు?"

"తెచ్చినప్పుడు అనుమానం లేదు."

"కొంచెం ముందే వచ్చుంటే బాగుండేది కదా. రేపట్నుంచి తలుపు వేసుకుంటానన్న మనిషికి ఇప్పుడేం చెప్పను?"

బావ దగ్గర దానికీ అంకె లేదు.

నాకు విసుగొచ్చి, ఒకరోజు తువ్వాలు ముడి విప్పబోయాను. నేను కూర్చుంటాను, నన్ను మోసిన కుర్చీ అమ్మని మొయ్యదా అన్నాను. పాల వ్యాను కథ కూడా గుర్తుచేశాను. బావ వచ్చి నా చెయ్యి పట్టుకున్నాడు. గట్టిగా కూడా కాదు.

"నువ్వు కూర్చుంటే విరగదురా. అదే ఇబ్బంది. ఇవాళ ఎవరు కూర్చున్నా విరగదు. అందరూ బాగుంది అంటారు. రోజూ నీళ్లు తాగి తాగి, ఏదో ఒక పొద్దున విరుగుతుంది. అప్పుడు కూర్చుని ఉండేది నువ్వు కాదు."

నేను ముడి మళ్లీ వేశాను. 

ఆ మర్నాడే బావ ఆఫీసులో మిగిలిన బ్రాకెట్లు తెచ్చి, ఒక బకెట్టు వేడినీళ్లలో సబ్బు కలిపి అందులో పడేశాడు. నీళ్లు చల్లారినప్పుడల్లా మళ్లీ కాచి పోసేవాడు. వంటింటి త్రాసు మీద రోజుకోసారి ఒక్కో బ్రాకెట్టునీ తుడిచి తూచేవాడు, బంగారం కొట్టు ఆసామిలా. బరువు పెరుగుతోందంటే ఇంకా నీళ్లు తాగుతున్నట్టట. పెరగడం ఆగితే కడుపు నిండినట్టు.

"ఆ త్రాసు మీద నేను వంట సామాన్లు తూచుకోవాలి" అంది అక్క.

"సబ్బునీళ్లే కదా, కడిగినట్టే" అన్నాడు బావ.

"ఏం ఊరబెట్టావురా వాటిని, నీ గొప్పలు ఊరినట్టు ఊరాయి" అంది అమ్మ బకెట్టులోకి తొంగిచూసి, నా వైపు తిరిగి. ఊరబెట్టింది నేను కాదు, కానీ అల్లుణ్ణి అనలేక కొడుకుని అనడం అమ్మకి అలవాటు.

కడుపు నిండింది అన్నాక, వాటిని నా జిమ్‌లోకి దించాం. గోడకి ఒక పొడి బ్రాకెట్టు, పక్కనే ఒక నానిన బ్రాకెట్టు బిగించి, ఒక్కో దానికి బరువులు వేలాడదీయాలి, ఎంత వంగుతుందో స్కేలుతో చూడాలి. బరువులకి ఏం కొదవ, నా దగ్గర ఇనుప బిళ్లలు దండిగా ఉన్నాయి. ఇరవై కిలోల బిళ్ల ఒక చేత్తో తీసిచ్చాను. బావ దాన్ని అందుకుని, అటూ ఇటూ తిప్పి చూసి అడిగాడు.

"దీన్ని ఎప్పుడైనా తూచావా?"

"పైన ఇరవై అని పోతపోసి ఉంది కదా బావా."

"ఉంది. తూచావా?"

పాత ఇనుము కొనేవాడి కాటా మా వీధి మలుపులోనే ఉంది. మోసుకెళ్లాం. ఇరవై అన్నది పద్దెనిమిదికి కొంచెం తక్కువ తూగింది. పది అన్నది తొమ్మిది దగ్గరే ఆగిపోయింది. నేను ఇన్నేళ్లుగా ఎత్తానని చెప్పుకున్న బరువులన్నీ నా కళ్ల ముందే చిక్కిపోయాయి. కాటావాడు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు.

"రోజూ ఎత్తీ ఎత్తీ అరిగిపోయాయి బావా. నా చేతి చలవ" అన్నాను.

బావ సుద్దముక్కతో ఒక్కో బిళ్ల మీద అసలు బరువు రాశాడు. అన్ని రోజుల వేటలో ఆయనకు దొరికిన నమ్మకమైన అంకెలు అవే, అవి కూడా నా పరువు మీద రాసినవి.

ఇక వేలాడదీశాం. పొడి బ్రాకెట్టు ఠీవిగా నిలబడింది, బిళ్ల మీద బిళ్ల వేసినా ఉలకలేదు. నానినది మొదటి బిళ్లకే తల వంచింది. మూడో బిళ్లకి మా బావ భుజాల్లా వాలిపోయింది. విరగలేదు. విరిగి ఉంటే నయమేమో, అది అలా మెల్లగా వాలుతుంటే చేతిలో ఉన్న నాలుగో బిళ్ల కింద పెట్టేశాను. రోజూ ఆ గోడవైపు తిరిగి కళ్లు మూసుకునే మనిషి గుర్తొచ్చింది.

"నీ అనుమానమే నిజం బావా. గెలిచావు" అన్నాను.

"గెలవడం ఏముందిరా ఇందులో" అని బావ అక్కడే బెంచీ మీద కూలబడ్డాడు. "ఇది అంకె కూడా కాదు. బకెట్టు లెక్క. నా త్రాసు, నీ గోడ, నీ బిళ్లలు. దీన్ని పట్టుకుని ఎంత మోస్తుందో చెప్పలేను. పాత అంకె పనికిరాదని మాత్రమే చెప్పగలను."

మర్నాడు ఆ రెండు బ్రాకెట్లూ, కొన్ని బిళ్లలూ ఆఫీసుకు మోసుకెళ్లింది నేనే. బావ నడుము అప్పటికే పట్టేసింది. తొందర సారు గది అద్దాల గది, బల్ల మీద స్నానం కుర్చీ రంగు బొమ్మ ఉంది, అందులో కూర్చున్న ముసలాయన నవ్వుతున్నాడు.

"ఎవరితను?"

"మా బామ్మర్ది సార్. బరువులు తెచ్చాడు."

"నిజం బరువులు" అన్నాను.

బావ రెండు బ్రాకెట్లనీ బల్ల అంచుకి బిగించి, బిళ్లలు తగిలించాడు. ఒకటి నిలబడింది, ఒకటి వాలింది. తొందర సారు దాన్ని కాసేపు చూశాడు. ఆయన తొందరపడకపోవడం అప్పుడే చూశాను.

"దేంట్లో నానబెట్టావు?"

"బకెట్లో సార్."

"బకెట్లో." ఆయన కళ్లద్దాలు తీసి ముఖం తుడుచుకున్నాడు. "ఆసుపత్రులకి తేదీ చెప్పేశాను. లారీ మాట్లాడేశాను. ఇప్పుడు వెళ్లి, మావాడు బకెట్లో నానబెట్టాడు, అందుకని పంపడం లేదు అని చెప్పమంటావా?"

"బకెట్టుని నమ్మమనడం లేదు సార్. ఆ షీటునీ నమ్మొద్దంటున్నాను. ల్యాబ్‌కి పంపి కొలిపించండి."

"అందరూ ఇదే నైలాన్ వాడుతున్నారయ్యా."

"ఎవరు సార్?"

సారు పేరు చెప్పలేదు. సేల్స్ మనిషి లాగే ఆయనకీ 'అందరూ' బాగా తెలుసు, విడివిడిగా ఎవరూ తెలీదు.

"నువ్వు సంతకం పెట్టకపోతే ఇంకొకరు పెడతారు, తెలుసా?" అన్నాడు చివరికి. బెదిరింపులా లేదు, అలసిపోయిన మనిషి ఇంకో అలసిపోయిన మనిషితో అన్నట్టుంది.

"నేనే పెడతాను సార్" అన్నాడు బావ.

ఇంతా మోసుకొచ్చింది ఇందుకా అనుకున్నాను. బావ బల్ల మీదున్న రిపోర్టుని దగ్గరికి లాక్కుని, అంకె ఎక్కడిదో రాయాల్సిన గడిలో ఉన్న కంపెనీ పేరు కొట్టేసి, 'ఇది పొడి అంకె. తడి అంకె మన దగ్గర లేదు' అని గుండ్రంగా రాశాడు. దాని కింద సంతకం పెట్టి, సారు వైపు జరిపాడు.

ఆ మాట రాసి ఉన్న కాగితం పెట్టుకుని ఏ లారీ కదులుతుంది? సారు దాన్ని చదివాడు, మళ్లీ వాలిన బ్రాకెట్టు వైపు చూశాడు, సొరుగులో పెట్టాడు.

"వెళ్లు. నీ అనుమానం తగలెయ్య" అన్నాడు.

దీని తర్వాత బావకి దండలు వేశారని చెప్పాలని నాకు చాలా ఉంది. ఇంకెవరి కథైనా అయితే చెప్పేవాణ్ణే. ల్యాబ్‌కి ముక్కలు వెళ్లాయి, అక్కడ వరసలో చాలాకాలం పడున్నాయి. ఆసుపత్రులవాళ్లు విసుక్కున్నారు. ఆలస్యానికి కారణం ఏమిటని పైవాళ్లు అడిగితే, తొందర సారు 'అనుమానం' అని రాశాడట. అది పేరో కారణమో పైవాళ్లకి అర్థం కాలేదు గానీ, బావకి ఆ ఏడాది రావాల్సిన ప్రమోషన్ రాలేదు. ఆయన అడగలేదు. చలి పోయి ఎండలు ముదిరాయి. అక్క నీళ్లు పోస్తూనే ఉంది, తలుపు వారగా ఉంటూనే ఉంది. అమ్మ పిల్లితో మాట్లాడటం కూడా మానేసింది. ఆ కుర్చీ మీద ఆశ వదులుకుందని అందరికీ అర్థమైంది. 

చివరికి అంకె వచ్చింది. బకెట్టు భయపెట్టినంత ఘోరం కాదు, షీటు చెప్పినంత గొప్పా కాదు. బావ దాన్ని కంప్యూటర్‌కి పెడితే బ్రాకెట్టు మూల దగ్గర ఎర్రగా మండింది. మందం పెంచి, అడ్డంగా ఒక పక్కటెముక లాంటిది చేర్చి, మళ్లీ అచ్చు పోయించి, ఈసారి వాటినే నానబెట్టి ల్యాబ్‌లో మళ్లీ మోయించారు. అప్పుడు గానీ బావ ఒక జత ఇంటికి తేలేదు.

అది సెలవురోజు పొద్దున. పాత బ్రాకెట్లు విప్పి కొత్తవి బిగించాం. ఈసారి కుర్చీ వాలు కూడా సరిచేశాడు, నేను వద్దన్నా వినకుండా. తువ్వాలు విప్పి, మడిచి, అక్క చేతికిచ్చాడు. అన్నాళ్లు ముడిపడి ఉండటంతో దాని ముడతలు పోలేదు.

అమ్మ కర్ర చప్పుడు చేసుకుంటూ వచ్చి గుమ్మంలో నిలబడింది. చాలాకాలం తర్వాత నేరుగా అల్లుడితోనే మాట్లాడింది.

"కూర్చోవచ్చా బాబూ?"

బావ బ్రాకెట్టు వైపు చూశాడు, స్క్రూల వైపు చూశాడు, గోడ వైపు చూశాడు. ఇంకేదో వెతుకుతున్నాడని తెలుస్తూనే ఉంది, ఆయన కళ్లకి ఆ అలవాటు పోదు. మళ్లీ నీళ్లు నములుతాడేమోనని అక్క ఆ తువ్వాలు రెండు చేతులా పట్టుకుని చూస్తోంది.

"కూర్చోండి అత్తయ్యా" అన్నాడు.

అమ్మ లోపలికి వెళ్లింది. తలుపు మూసుకుంది. గొళ్లెం పడిన చప్పుడు ఇల్లంతా వినబడింది. కుర్చీ దించిన చప్పుడు, కర్ర గోడకి ఆనించిన చప్పుడు, తర్వాత ఏమీ లేదు. బావ తలుపు పక్కనే గోడకి వీపు ఆనించి నిలబడ్డాడు, పరీక్ష గది బయట తండ్రిలా. కాసేపటికి మగ్గు బకెట్టుకి తగిలింది. నీళ్లు పడ్డాయి. ఇంకో మగ్గు. ఇంకొకటి.

"అల్లుడుగారూ" అంది అమ్మ లోపల్నుంచి.

బావ ఉలిక్కిపడ్డాడు. "ఏమైంది అత్తయ్యా?"

"ఏం కాలేదు. మీరు అక్కడే నిలబడ్డారు కదూ?"

"అవునండీ."

"వెళ్లండి. నాకు సిగ్గు."

అక్క కొంగు నోటికి అడ్డం పెట్టుకుని వంటింట్లోకి వెళ్లిపోయింది. బావ కాళ్లీడ్చుకుంటూ ముందు గదిలోకి వచ్చాడు. చాప ఎక్కడుందో చూడలేదు. ఎదురుగా ఉన్న నా తీగ కట్టు కుర్చీలో దబ్బున కూలబడ్డాడు. అది కిర్రుమంది. నేను ఒక అడుగు ముందుకేశాను, అనుమానంతోనే, నా కట్టు సంగతి నాకు తెలుసు కదా. ఆయన ఆ తీగ ఏ రకమని అడగలేదు. లోపల నీళ్లు పడుతూనే ఉన్నాయి. బావ తల పక్కకి వాల్చి, నోరు తెరిచి, నిద్రపోయాడు.